అలమరలోని బడి

మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ. ఈ పేర్లు చెవిని బడగానే నేటి విద్యార్థి మనస్సులో మెదిలేవి అద్దాల మేడలు, విశాలమైన రహదారులు, రాత్రింబవళ్ళు వెలిగే దీపాలు. 1998 నవంబరు 22వ తేదీన సైబర్ టవర్స్ ప్రారంభోత్సవం జరిగిన నాటినుండి ఆ రాతిగుట్టల నేలకు రూపు మారినది. పేరు సైతం మారి సైబరాబాదు అయినది. 2019 నవంబరులో మెట్రో రైలు రాయదుర్గం దాకా వచ్చినది. ఈ ప్రాంతాన్ని గూర్చి వ్రాసేవారు సాధారణంగా జీతాలను గూర్చి, ఇండ్ల అద్దెలను గూర్చి, సాయంకాలపు రద్దీని గూర్చి వ్రాస్తారు. ఆ మేడలలో ఏ పదునాలుగవ అంతస్తులోనో, ఒక గది మూలను, మూడడుగుల ఎత్తున నిలిచి ఉండే చిన్న అలమరను గూర్చి వ్రాసేవారు అరుదు. ఆ అలమర ఒక బిడ్డకు బడి.

బడికి పోలేని బిడ్డలు కొందరు. పోయినా పూట గడవక ముందే తిరిగి రావలసిన బిడ్డలు మరికొందరు. ఆటిజం గల పిల్లవానికి నలుబదిమంది తోటివారి కేకలు చెవిలో సీసం కరిగించి పోసినట్లుంటాయి. సెరిబ్రల్ పాల్సీ గల పిల్ల మెట్లెక్కలేదు, కలం పట్టలేదు. కాని చెప్పినదంతా గ్రహిస్తుంది. మేధో వైకల్యం గల బాలుడు పాఠంతో సమంగా నడవలేక కడపటి బెంచీలో బొమ్మవలె కూర్చుంటాడు. ఇట్టి ఇంట తల్లియో తండ్రియో కొలువు వదలుకొనడమో, ఇంటి నుండియే పనిచేసే ఏర్పాటు చేసుకొనడమో జరుగుతుంది. గుంటూరునుండి అమ్మమ్మ కొన్ని నెలలు, కరీంనగరునుండి నాయనమ్మ కొన్ని నెలలు వంతులవారీగా వచ్చి ఉంటారు. వారి నడుమ, వారికందరికీ కొత్తదైన ఒక విద్య మొదలవుతుంది. అది బిడ్డకు పాఠం చెప్పడం కాదు; ముందుగా బిడ్డ పాఠానికి కావలసిన వస్తువులను ఒక క్రమంలో పెట్టుకొనడం.

వినడానికి ఇది అల్పమైన విషయంగా తోచవచ్చును. వస్తువులు సర్దుకొనడం కూడా ఒక విద్యయా అని ఉపాధ్యాయులే నవ్వవచ్చును. కాని అనుభవం గలవారు ఆ మాట అనరు.

మొదటి సంవత్సరం కొనుగోళ్ళ సంవత్సరం. వైద్యుడు రోగం పేరు చెప్పిన మరునాటినుండి తల్లిదండ్రులు ఏదో ఒకటి చేయకపోతే పాపం చుట్టుకుంటుందన్నట్లు కొనసాగుతారు. మేకులబల్లలు, పూసలు, గుచ్చే దారాలు, రంగుల చక్రాలు, మూడుచేతుల కలాలు, వెలిగే బంతులు, ఆంగ్లాక్షరాల బొమ్మల చీట్లు. ఇంటికి ప్రతిదినమూ ఒక పెట్టె వస్తుంది. అన్నీ ఒక పెద్ద బుట్టలో పోస్తారు. ఆ బుట్టను బిడ్డ ముందుంచి, ఆడుకో నాయనా అంటారు. బిడ్డ బుట్టను తలక్రిందులు చేసి, చక్రం ఒకటి ఏరుకొని, గంటసేపు దానినే త్రిప్పుతూ కూర్చుంటాడు. తక్కిన ఏబది వస్తువులు కాళ్ళక్రింద పడి నలుగుతాయి. తండ్రి నిట్టూర్చి, ఇది వీనికి పనికిరాలేదు, మరియొకటి తెప్పిద్దాం అంటాడు.

ఇక్కడ లోపం వస్తువులది కాదు, బిడ్డది అంతకన్నా కాదు. చూపును ఒకచోట నిలుపుకొనలేని బిడ్డకు ఏబది వస్తువులు ఏబది వస్తువులుగా కనిపించవు; ఒకే పెద్ద రొదగా కనిపిస్తాయి. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎంతసేపు చేయాలో, ఎప్పుడు ముగిసినట్లో చెప్పేవారు లేరు. మాటతో చెప్పినా ఆ మాట గాలిలో కలసిపోతుంది. అందుచేత ఆ మూడు సంగతులను వస్తువులే చెప్పేటట్లు అమర్చాలి.

ఈ రహస్యం తెలుగు ఇల్లాలికి తెలియనిది కాదు. ఆమె పోపులపెట్టెను చూడండి. ఆవాలకొక గిన్నె, జీలకర్రకొక గిన్నె, మెంతులకొక గిన్నె, మినపపప్పుకొక గిన్నె. మూత తీయగానే ఏది ఎక్కడ ఉన్నదో కన్ను చెబుతుంది. ఏది నిండుకున్నదో కన్నే చెబుతుంది. చీకటిలో సైతం చేయి తప్పదు. పొయ్యిమీద నూనె కాగుతుండగా ఆమె ఆలోచించనవసరం లేదు. పెట్టె ఆమె బదులు ఆలోచిస్తుంది. ప్రత్యేకావసరాలు గల బిడ్డ అలమరకు ఇంతకన్న మంచి నమూనా పరదేశంలో వెదకనవసరం లేదు.

అయితే పరదేశంలో దీనిని శాస్త్రంగా కూర్చినవారున్నారు. అమెరికాలోని ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయంలో 1972లో ఎరిక్ షోప్లర్ అనే మనస్తత్వవేత్త నాయకత్వాన ‘టీచ్’ అనే కార్యక్రమం ఏర్పడినది. ఆటిజం తల్లి ప్రేమలేమి వలన కలుగుతుందని కొందరు పండితులు తల్లులను దూషిస్తున్న కాలమది. షోప్లర్ ఆ వాదాన్ని త్రోసిపుచ్చి, తల్లిదండ్రులనే చికిత్సలో భాగస్వాములుగా చేసుకున్నాడు. ఆయన బృందం రూపొందించిన పద్ధతిలో బిడ్డ కూర్చునే బల్లకు ఎడమవైపున అర ఉంటుంది. దానిలో రెండో మూడో పెట్టెలు. ఒక్కొక్క పెట్టెలో ఒకే పని, దానికి కావలసిన సామగ్రి అంతా. బిడ్డ ఎడమనుండి పెట్టె తీసుకొని, బల్లపై పని ముగించి, కుడివైపున ఉన్న బుట్టలో వేస్తాడు. ఎడమవైపు ఖాళీ అయితే పని అయిపోయినట్లు. ఏ పని చేయాలి, ఎంత చేయాలి, ఎప్పుడు ముగుస్తుంది, తరువాత ఏమిటి అనే నాలుగు ప్రశ్నలకు ఒక్క మాటయినా లేకుండా సమాధానం దొరుకుతుంది. చివరి ప్రశ్నకు గోడమీద బొమ్మల వరుస కూడ ఉంటుంది: పని, పని, ఊయల, భోజనం.

కొండాపూరులోని ఇంటికి ఇది ఎట్లా అన్వయిస్తుంది? పెట్టెలు పారదర్శకంగా ఉంటే మేలు. లోపల ఏమున్నదో ముందు అతికించిన ఛాయాచిత్రం చెప్పాలి. గీసిన బొమ్మకన్న ఆ వస్తువు ఛాయాచిత్రమే మంచిది; కొందరు బిడ్డలకు అదికూడ చాలదు, అసలు వస్తువునే ఒకదానిని మూతకు కట్టవలసి ఉంటుంది. అరలో ఒకేసారి ఐదారు పెట్టెలకు మించి ఉండరాదు. తక్కినవి పై అరలో, బిడ్డ కంటికి కనబడకుండ, తెర వెనుక. వారానికి ఒకటి రెండు మార్చాలి. హైటెక్ సిటీ వద్ద 2018 ఆగస్టులో ఐకియా వారి దుకాణం తెరచిన తరువాత ఒకే కొలత గల పెట్టెలు సులభంగా దొరుకుతున్నవి. కాని డబ్బాలకోసం అంత సంబరం అక్కరలేదు. బేగంబజారులో దొరికే తెల్లని డబ్బాలు చాలు, ఖాళీ అయిన మిఠాయి డబ్బాలయినా చాలు. కొలత ఒకటిగా ఉండడం ముఖ్యం; వెల కాదు.

సర్దడంలో పెద్దలు చేసే పొరపాటు మరియొకటున్నది. వస్తువులను వారు జాతులవారీగా సర్దుతారు: కలాలన్నీ ఒకచోట, కాగితాలన్నీ ఒకచోట, జిగురు వేరొకచోట. కార్యాలయానికి ఇది చక్కని పద్ధతి. బిడ్డకు కాదు. కాగితం అతికించే పనికి కాగితం, జిగురు, తుడుచుకొనే గుడ్డ మూడూ ఒకే పెట్టెలో ఉండాలి. లేనిచో జిగురుకోసం తల్లి లోపలికి పోయి వచ్చేలోపల బిడ్డ మనస్సు కిటికీలోనుండి ఎగిరిపోతుంది.

ఇంత చిన్న సంగతుల వెనుక రెండు వందల ఏండ్ల చరిత్ర ఉన్నదంటే పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. ఫ్రాన్సు దేశంలో అవేరోన్ అడవులలో దొరికిన ఒక బాలుని 1800లో ప్యారిస్ నగరానికి తెచ్చినారు. వానికి మాటలు లేవు. మనుష్య సహవాసం తెలియదు. జాన్ ఇటార్ అనే యువ వైద్యుడు వానికి విక్టర్ అని పేరిడి, సుమారు ఐదేండ్లు విద్య నేర్పినాడు. నోటిమాట రాలేదు గనుక విడివిడి అక్షరాల బిళ్ళలు చేయించి చేతికిచ్చినాడు. విక్టర్ కూర్చినది ‘పాలు’ అనే అర్థం గల నాలుగక్షరాల ఫ్రెంచి మాట. మొదట అది ఆటగానే ఉండెను. ఒకనాడు ఆ బాలుడు నిత్యం పాలు త్రాగే ఇంటికి పోతూ, ఎవరూ చెప్పకుండానే ఆ నాలుగు బిళ్ళలను జేబులో వేసుకొని పోయి, అక్కడి బల్లపై పేర్చినాడని ఇటార్ వ్రాసినాడు. విక్టర్ ఎన్నడూ సరిగా మాట్లాడలేదు. ఇటార్ తన కృషి విఫలమైనదని కూడ భావించినాడు. విఫలమైన ఆ కృషినుండియే తక్కినదంతా పుట్టినది.

ఇటార్ శిష్యుడు ఎడ్వార్డ్ సెగాన్. గుండ్రని బిళ్ళకు గుండ్రని గుంట, నలుచదరపు బిళ్ళకు నలుచదరపు గుంట గల చెక్కపలక ఆయన పేరనే నేటికీ మన దేశపు మనస్తత్వ పరీక్షాశాలలలో వాడుకలో ఉన్నది. సికింద్రాబాదు ఆసుపత్రికి మొదటిసారి పోయిన తల్లిదండ్రులలో అనేకులు ఆ పలకను చూచే ఉంటారు; దాని వయస్సు ఎంతో వారికి తెలిసి ఉండదు. ఈ ఇరువురి రచనలను రోము నగరంలో ఒక యువ వైద్యురాలు ఇటాలియను భాషలోకి మార్చుకొని, అక్షరమక్షరం తన చేతితో వ్రాసుకున్నది. ఆమె మరియా మాంటిసోరి. 1900 ప్రాంతాన ఆమె పాఠాలు చెప్పినది మేధో వైకల్యం గల పిల్లలకు. ఆమె ఉపకరణాలలో కొన్ని ఆ పిల్లలకొరకే మొదట అమరినవి. ఆ పిల్లలు చదవను వ్రాయను నేర్చుకొనగా లోకం ఆమెను మెచ్చుకున్నది. ఆమె మాత్రం, ఇదే పద్ధతి తక్కిన పిల్లలకు ఎందుకు లేదని ఆలోచించి, 1907లో రోములోని పేదవాడలో తన శిశుగృహాన్ని తెరచినది. నేడు గచ్చిబౌలిలో మాంటిసోరి పేరు పెట్టుకొని, పెద్ద రుసుము పుచ్చుకొని, ప్రత్యేకావసరాలు గల బిడ్డను మాత్రం గుమ్మంలోనే నిలిపివేసే పాఠశాల ఏదయినా ఉంటే, అది ఎవరి ఆస్తిపై ఎవరిని అద్దెకు రానీయకుండుటయో ఆలోచింపదగినది.

మాంటిసోరి 1939లో మద్రాసు వచ్చి, అడయారులో దివ్యజ్ఞాన సమాజంవారి ఆహ్వానంపై ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినది. యుద్ధం వచ్చినది, ఇటలీ దేశస్థురాలు గనుక ఆంగ్ల ప్రభుత్వం ఆమెపై ఆంక్షలు పెట్టినది, 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయినది. ఆమె గరుకు కాగితంతో అక్షరాలు చేయించిన సంగతి అందరూ చెబుతారు. అంతకు నూటయేబది ఏండ్ల ముందు అదే మద్రాసులో ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు దేశస్థుడు, ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకపై వ్రేలితో అక్షరాలు దిద్దడం చూచి, ఆ పద్ధతిని ఎగ్మూరులోని అనాథశరణాలయంలో ప్రవేశపెట్టి, 1797లో దానిపై పుస్తకం ప్రకటించి ఇంగ్లండులో పేరుపొందినాడు. ఇసుక మనది, పుస్తకం వారిది. అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో బియ్యం పోసి, బిడ్డ చూపుడువ్రేలు పట్టుకొని ఓనమాలు దిద్దించే మనకు ఆ పళ్ళెం మరునాడు వంటింటికి పోతుంది. అది అలమరలోనే ఉండిపోతే చాలును.

తెలుగు ఇంటిలో సహజంగా ఉండే వస్తువులను లెక్కించి చూస్తే కొనవలసినవి చాలా తక్కువ. వామనగుంటల పీట ఒకటి ఉన్నదనుకొనండి. గుంటకొక గింజ వేయించడం సంఖ్యకు మొదటి మెట్టు. బొటనవ్రేలితో చూపుడువ్రేలితో గింజను పట్టుకొనడం కలం పట్టడానికి మొదటి మెట్టు. చుక్కల ముగ్గు కంటికీ చేతికీ పొందిక నేర్పుతుంది. ఉతికిన బట్టలలో నాన్న మేజోళ్ళను జతపరచడం వర్గీకరణ. టిఫిన్ క్యారియర్ గిన్నెలను పరిమాణక్రమంలో అమర్చడం మాంటిసోరి గులాబీ గోపురంకన్న చవుకయినది, పైగా మధ్యాహ్నం పనికివస్తుంది. మాదాపూరు శిల్పారామంలో ఏటికొప్పాక లక్కబొమ్మలు దొరుకుతాయి. అంకుడు కర్రను తరిణిపై చెక్కి, లక్కతో మెరుగుపెట్టినవి, కోణాలు లేనివి. వరాహనది ఒడ్డున గల ఆ గ్రామంలో చెట్ల బెరళ్ళనుండి, గింజలనుండి తీసిన రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించినది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. బొమ్మను నోటబెట్టుకొనే బిడ్డ ఉన్న ఇంట ఏ రంగు వేసినారని అడిగి కొనడం అవసరం. సహజమైన రంగులు వేసినది దొరికితే దానిని కొనడం మంచిది.

నోటి సంగతి వచ్చినది గనుక ఒక హెచ్చరిక. చింతపిక్కలు, శనగలు, పూసలు మంచి ఉపకరణాలే. కాని కనిపించినదెల్ల మ్రింగే అలవాటు బిడ్డకు ఉన్నచో, వాని వయస్సు పదేండ్లయినా సరే, అవి ఊపిరిగొట్టంలో అడ్డుపడగలవు. అట్టివానికి పెద్ద చెక్కబిళ్ళలే వాడాలి. నాణెం వంటి చిన్న బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు ఇంకను ప్రమాదం. ఆ బ్యాటరీ గొంతులో చిక్కుకుంటే రెండు గంటలలోనే లోపల కాల్చివేస్తుంది. ఇంటివైద్యాలు చేయక వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. వెలిగే బంతులను, పాడే పుస్తకాలను అలమరలో చేర్చేముందు వెనుకనున్న మరమేకు గట్టిగా ఉన్నదేమో చూచుకొనాలి. కత్తెర బిడ్డ చేయి అందని అరలో ఉండాలి.

ఇక భాష సంగతి.

ఈ అలమరలను పరిశీలించిన తెలుగు ఉపాధ్యాయునికి మొదట గుండెలో కలుక్కుమనేది, వాటిలో తెలుగు అక్షరం ఉండకపోవడం. చీట్లన్నీ ఆంగ్లంలో ఉంటాయి. యాపిలు, బంతి, పిల్లి. ఆ పిల్లికూడ మన వీధి పిల్లి కాదు. దీనికి కారణం కేవలం అంగడి కాదు. మాటరాని బిడ్డకు రెండు భాషలు భారమవుతాయి, ఇంటిలో ఒకే భాష మాట్లాడండి అని వైద్యులు, శిక్షకులు చాలాకాలం సలహా ఇస్తూ వచ్చినారు. ఒకే భాష అనగా ఈ నగరంలో ఆంగ్లమే అయినది. తల్లి తనకు పట్టుబడని ఆంగ్లంలో బిడ్డతో ముక్తసరిగా మాట్లాడనారంభించినది. అమ్మమ్మ అసలు మాట్లాడడమే మానుకున్నది. బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని మౌనంగా వెన్ను నిమిరే అమ్మమ్మ ఆ ఇంటిలో మరియొక మూగజీవి అయినది.

ఈ సలహాకు ఆధారం లేదు. ఆటిజం గల బిడ్డలు రెండు భాషల నడుమ పెరిగినంత మాత్రాన ఒక భాషలో పెరిగిన అట్టి బిడ్డలకన్న వెనుకబడరని వివిధ దేశాలలో జరిగిన పరిశోధనలు తేల్చినవి. మేధో వైకల్యం గల బిడ్డల విషయంలోను ఇదే కనిపించినది. నిజానికి మాటలు కొన్నే నేర్వగల బిడ్డకు ఆ కొన్ని ఏ మాటలు కావాలి? వాని చుట్టూ ప్రతిదినమూ వినిపించేవి. నీళ్ళు, అన్నం, అమ్మ, చాలు, వద్దు, నొప్పి, ఇంకా. ఈ చివరి నాలుగింటిని ముందే నేర్పాలి. వద్దు అనడం చేతకాని బిడ్డయే కొరుకుతుంది, రక్కుతుంది. అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ అనువారు 1985లో ఆరంభించిన పద్ధతిలో బిడ్డ తనకు కావలసిన వస్తువు బొమ్మగల చీటిని ఎదుటివారి చేతిలో పెడతాడు. చీటి పుచ్చుకున్నవారు వెంటనే ఆ వస్తువు ఇస్తారు. విక్టర్ జేబులోని అక్షరాలకూ దీనికీ గల చుట్టరికం చెప్పనవసరం లేదు. ఆ చీటిపై ఏ భాష వ్రాయాలి? చీటి అందుకొనే చేయి ఎవరిదో వారి భాష వ్రాయాలి. అమ్మమ్మ చదవగలిగినప్పుడు అమ్మమ్మ కూడ బడిలో ఉపాధ్యాయురాలవుతుంది.

చీట్లను చేయడం కష్టమేమీ కాదు. ఇంటి చెంబు, ఇంటి కంచం, ఇంటి తలుపు; వాటి ఛాయాచిత్రాలు, క్రింద పెద్ద తెలుగక్షరాలు, పైన ప్లాస్టిక్ పొర, వెనుక వెల్క్రో ముక్క. మూలలు గుండ్రంగా కత్తిరించాలి. ప్రతిదానికి రెండు ప్రతులు చేసుకొనాలి. ఒకటి తప్పక పోతుంది. ఛందస్సు చదువుకున్న విద్యార్థులు, కళాశాల చిత్రకారులు సెలవులలో ఇట్టి చీట్ల సంపుటాలు నాలుగు తయారుచేసి సమీపంలోని కేంద్రానికి ఇస్తే, వారి తెలుగు అభిమానానికి అంతకన్న నిదర్శనం ఉండదు.

అక్షరాల విషయంలో మన వర్ణమాల క్రమం శాస్త్రీయమైనదే, ధ్వనిశాస్త్రానికి గర్వకారణమే. కాని చేతికి అది క్రమం కాదు. మొదటనే వచ్చే ‘అ’ ఎంత మెలికయో, ‘ఋ’ ఎంత దూరమో అందరికీ తెలుసును. వ్రేళ్ళు స్వాధీనంలో లేని బిడ్డకు ‘ర’ వంటి సున్నపు ఆకృతితో, ‘ట’ ‘బ’ ‘ల’ వంటి తలకట్టు వేరుగా పెట్టనవసరంలేని అక్షరాలతో మొదలుపెట్టవచ్చును. ‘ప’, ‘వ’, ‘ష’ ఒకదానివెంట ఒకటి నేర్పడం వలన కలిగే చిక్కు ఇంతింత కాదు. ‘మ’ ‘య’ లు, ‘న’ ‘స’ లు, ‘ద’ ‘ధ’ ‘థ’ లు కూడ అంతే. ఒకటి స్థిరపడి నెల అయిన తరువాత గాని దాని జంటను అలమరలోకి రానీయరాదు. పెట్టెలో అక్షరం ఒక్కటే కాక, ఆ అక్షరం గల వస్తువు ఉండాలి: ‘ర’కు రబ్బరు, ‘ట’కు టమాట, ‘ల’కు లక్కపిడత. గుణింతం దాకా వచ్చిన బిడ్డకు గుడిని ఎఱ్ఱరంగులో, కొమ్మును నీలంరంగులో వేయించితే చాలామట్టుకు తొట్రుపాటు తగ్గుతుంది. ‘పు’, ‘వు’ లలో కొమ్ము క్రిందికి దిగడం పెద్దవారికి అలవాటయిన వింత. బిడ్డకు అది అన్యాయంగా తోస్తే తప్పు బిడ్డది కాదు.

చూపులేని బిడ్డలకు ఈ చిక్కు లేదన్నది ఒక విచిత్రం. భారతి బ్రెయిలీ 1951లో స్థిరపడినది. దానిలో హల్లు ప్రక్కన అచ్చును అచ్చుగానే గ్రుచ్చుతారు; గుడి, కొమ్ము, ఏత్వం వంటి వేషాలు లేవు. అట్టి బిడ్డ అలమరలో పెట్టెలకు ఛాయాచిత్రాల బదులు స్పర్శ గుర్తులుండాలి. ఒకదానికి గవ్వ, ఒకదానికి గరుకు గుడ్డ, ఒకదానికి దారపు ముడి. అన్నింటికన్న ముఖ్యం, పెట్టె చోటు మారకుండుట. కన్నున్న తమ్ముడు ఆడుకొని ఎక్కడో పెట్టిన పెట్టె ఆ అక్కకు లోకంలోనుండి మాయమైనట్లే.

సికింద్రాబాదు మనోవికాసనగరులో 1984లో స్థాపితమైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, పేరు మార్చుకొని నేడు మేధో వికలాంగుల సాధికారత సంస్థగా ఉన్నది. హైటెక్ సిటీ వారికి అది నగరపు మరొక కొసను ఉన్నట్లు తోస్తుంది. కాని కేంద్ర ప్రభుత్వపు ఎడిప్ పథకం క్రింద అర్హులైన పిల్లలకు బోధనోపకరణాల పెట్టెను ఇచ్చే సంస్థ అదియే. వారు దశాబ్దాలుగా నొక్కి చెబుతున్న విషయం ఒకటున్నది. పండ్లు తోముకొనడం, స్నానం చేయడం, చొక్కా తొడుగుకొనడం కూడ పాఠాలే. వాటినీ చిన్న చిన్న అంశాలుగా విడగొట్టి నేర్పవచ్చును, పైగా కడపటి అంశంతో మొదలుపెట్టవచ్చును. చొక్కాకు ఆరు బొత్తాములుంటే ఐదు తల్లి పెడుతుంది. ఆరవది సగం దాకా దూర్చి, లాగడం మాత్రం బిడ్డకు వదలుతుంది. ముగించిన సంతోషం బిడ్డది. వారం గడచిన తరువాత రెండు బొత్తాములు. ఈ పాఠానికి కావలసిన ఉపకరణం తండ్రి పాత చొక్కాను ఒక చెక్కచట్రానికి బిగించినదే. దానికి కూడ అలమరలో ఒక చోటు కావాలి.

చట్టం సంగతి ఉపాధ్యాయులు తెలిసి ఉండవలసినది. 2009 నాటి విద్యాహక్కు చట్టాన్ని 2012లో సవరించినప్పుడు, బహువిధ వైకల్యం గాని తీవ్రవైకల్యం గాని గల బిడ్డకు ఇంటివద్దనే విద్య పొందే హక్కును కూడ చేర్చినారు. కోరుకునే హక్కు బిడ్డ పక్షానిది. ఇంటికి పంపివేసే హక్కు పాఠశాలకు ఇచ్చినది కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, ప్రమాణీకృత వైకల్యం గల బిడ్డకు ఆరవ ఏటినుండి పదునెనిమిదవ ఏటివరకు ఇంటికి సమీపంలోని బడిలో గాని, తాను ఎంచుకున్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితవిద్య పొందే హక్కు ఉన్నదన్నది. అయినను, మీ వానికి ఇంట్లోనే హాయి గదా అనే తీయని మాటతో దరఖాస్తును తిరిగి ఇచ్చే ప్రధానోపాధ్యాయులు నేటికీ ఉన్నారు. ఇంటిలోని అలమర ఎంత చక్కగా ఉన్నా అది ఆ మాటకు సాకు కారాదు. మండలాలలో ఉండే భవిత కేంద్రాలు, అక్కడినుండి ఇంటికి వచ్చి పాఠం చెప్పే ప్రత్యేక ఉపాధ్యాయులు పల్లెలలోని బిడ్డలకు చేస్తున్న సేవ ఈ మేడలలోని వారికి తెలియదు. పై తరగతుల పరీక్షలకు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఉన్నది. లేఖకుని సహాయం, అదనపు సమయం అక్కడ లభిస్తాయి.

పెద్దవారు తరచుగా మరచేది బిడ్డ పెరుగుతాడన్న సంగతి. నూనూగు మీసాలు వచ్చిన పదునైదేండ్లవాని అలమరలో ఇంకను రంగుల చక్రాలే ఉండడం చూచినవారికి కలిగే బాధ వేరు. వానికి మేకులబల్ల నేర్పగలిగినదంతా ఎప్పుడో నేర్పినది. ఆ చోటులో ఇప్పుడు నాణేల సంచి ఉండాలి. మెట్రో స్టేషను పేర్ల చీట్లు ఉండాలి. రెండు కప్పుల టీకి ఎంత నీరో గీత గీసిన గిన్నె, కందిపప్పు అరకిలో తూచే చిన్న తక్కెడ, మేడక్రింది అంగడికి పట్టుకొని పోయే బొమ్మల జాబితా ఉండాలి. వేరుచేసి సర్దడం చిన్ననాట నేర్చినవాడు పెద్దయి పొట్లాలు కట్టగలడు, బట్టలు మడతపెట్టగలడు. తల్లిదండ్రులు రాత్రులు నిద్రలేక ఆలోచించే ప్రశ్న ఒకటే గదా, మా తరువాత వీడెట్లా అని. ఆ ప్రశ్నకు పూర్తి సమాధానం ఏ అలమరలోను దొరకదు. కాని ఆ ప్రశ్నను దృష్టిలో పెట్టుకొని సర్దిన అలమర వేరు, పెట్టుకొనక సర్దినది వేరు.

రాత్రి తొమ్మిదిన్నర. అవతలి గదిలో తండ్రి అమెరికావారితో ఫోనుపై మాట్లాడుతున్నాడు. బిడ్డ నిద్రపోయినాడు. అలమర ముందు నేలపై తల్లి కూర్చున్నది. కుడివైపు బుట్టలో ఈనాడు ముగిసిన పెట్టెలు మూడు. వాటిలోని బిళ్ళలు లెక్కపెట్టి, తక్కువైన ఒకదానిని మంచంక్రింద వెదకి తీసి, తిరిగి ఎడమ అరలో పెడుతున్నది. పూసల పెట్టెను చేతిలోకి తీసుకొని కొంచెంసేపు ఆలోచించినది. వారం రోజులుగా వాడు దానిని ఎవరి సాయమూ లేకుండ ముగిస్తున్నాడు. దానిని తెర వెనుకకు చేర్చి, ఆ ఖాళీలో అమ్మమ్మ చేవ్రాలుతో ‘నీళ్ళు’ అని వ్రాసిన చీటిని, స్టీలు గ్లాసును పెట్టినది.